అన్నీ ఎడమ చేతులే

"విప్పి చూడండమ్మా. నేను చెబితే మీరు నమ్మరు."

షాపాయన మూటను బల్ల మీదికి తోసి, తను మాత్రం గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

ఎలుకలమ్మ ముడి విప్పింది. లోపల నీలం రంగు చొక్కా చేతులు, కత్తిరించినవి. ఇరవయ్యేసి చొప్పున గుడ్డపీలికతో కట్టి ఉన్నాయి. అంచుకి అంచు కలిసి, కత్తెర ఎక్కడా జారకుండా, ఇరవై ఆరేళ్ళుగా తన భర్త, కటింగు మాస్టారి చేతిలోంచి వచ్చే కట్టల్లాగే ఉన్నాయి.

"బాగానే ఉన్నాయిగా" అంది మాస్టారి అక్కయ్య, ఆమె భుజం మీదుగా తొంగిచూసి.

"చాలా బాగున్నాయండీ. కాకపోతే అన్నీ ఎడమ చేతులే."

ఎలుకలమ్మ రెండు ముక్కలు పక్కపక్కన పెట్టి చూసింది.

"గుడ్డని ముఖానికి ముఖం కలిపి పరిస్తే ఒక్క కోతలో ఎడమా కుడీ రెండూ వస్తాయి. మాస్టారు పొరలన్నీ ఒకేవైపు తిప్పి పరిచేశారు. నూట ఇరవై చేతులు. పని నేర్చుకునేవాడు మొదటివారం చేసే తప్పమ్మా ఇది. సోమవారం బడి తెరుస్తున్నారు. మా కుట్టేవాళ్ళు ఏమంటున్నారో తెలుసా? రెండేసి ఎడమ చేతులున్న పిల్లలు ఎక్కడైనా దొరుకుతారేమో వెతకమంటున్నారు."

కిటికీ దగ్గర వాలుకుర్చీలో కూర్చున్న మాస్టారు ఆ గొంతు విని కళ్ళు తెరిచాడు. మెడలో టేపు అలాగే ఉంది. పొద్దున్న షాపుకి బయల్దేరబోయి ఆ కుర్చీలో కూలబడినవాడు మధ్యాహ్నం రెండున్నరైనా లేవలేదు.

"లైనింగు తెచ్చావా?" అన్నాడు షాపాయనతో.

"ఏ లైనింగు మాస్టారూ?"

"పొడుగాయన కోటుకి. నల్లది చెప్పానుగా."

షాపాయన తల దించుకున్నాడు. "ఆ కోటు కుట్టి మూడేళ్ళయిందండీ" అన్నాడు మెల్లగా. మాస్టారు సరేనన్నట్టు తలూపి మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు.

"అడగకూడదు గానీ" షాపాయన గొంతు తగ్గించాడు. "ఈమధ్య మందేమైనా..."

"మావాడు చుక్క ముట్టి ఎరగడు" అంది అక్కయ్య. "ఇరవయ్యేళ్ళప్పుడొచ్చిన కామెర్లు పోయాయనుకున్నాం. పోలేదు. లోపలే కూర్చుని లివరుని తినేశాయి. రెండు నెలల కిందట ఆస్పత్రిలో చెప్పిందాకా మాకూ తెలీదు. నీ దగ్గర ఇరవై ఆరేళ్ళు కత్తెర పట్టినవాణ్ణి పట్టుకుని ఆ మాట ఎలా వచ్చింది నీకు?"

"తప్పయిపోయింది అక్కయ్యగారూ. ఆయన్ని ఒక్కమాట అనలేక ఇక్కడిదాకా మోసుకొచ్చాను. లేకపోతే అక్కడే అడిగేవాణ్ణి." మూట అక్కడే వదిలేసి మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఎలుకలమ్మ ఒక చేతిముక్క తీసి వెలుగుకి పట్టింది. గుడ్డకి మంచివైపు మెరుపుంది, వెనకవైపు లేదు. కళ్ళున్న ఎవరికైనా తెలుస్తుంది.

"వదినా, ఇవాళ ఎన్నిసార్లు వెళ్ళారు ఆయన?"

"ఎక్కడికి?"

"దొడ్డికి."

అక్కయ్య చేతిముక్కలు మళ్ళీ కట్టలు కట్టడం మొదలుపెట్టింది. "నేనేమన్నా వెనకాలే తిరిగి లెక్కపెడుతున్నానా?"

"పెట్టమని చెప్పారుగా ఆస్పత్రిలో. సిరప్ మూడుపూటలా పొయ్యాలి, రోజుకి రెండు మూడుసార్లు సాఫీగా అవ్వాలి, అవ్వకపోతే విషం పైకెక్కుతుందని. నేను ఆరింటికి పోతే రెండింటికి గానీ రాను. పగలంతా మీ చేతుల్లోనే కదా ఆయన."

"నా చేతుల్లోనే. నాలుగో ఏట అమ్మ పోయినప్పట్నించీ నా చేతుల్లోనే" అంది అక్కయ్య. "లెక్కల సంగతి ఎత్తావు కాబట్టి అడుగుతున్నా. నీ లెక్కల మాటేమిటి?"

పమిట చాటునుంచి ఒక సన్నటి నోటుపుస్తకం తీసి బల్ల మీద పడేసింది.

ఎలుకలమ్మ అందుకోబోయి చెయ్యి చాపింది. "అది మీకెక్కడ దొరికింది?"

"బట్టల అలమరలో. నీ స్వెట్టరు కింద. నేను దొంగతనం చేశాననుకుంటావేమో, వాడికి దుప్పటి కావాలంటే తీశాను." అక్కయ్య పుస్తకం తెరిచి, కూడబలుక్కుంటూ చదివింది. "'పదకొండో రోజు. పగటి నిద్ర నాలుగు గంటలు. నడక నెమ్మది. పిలిస్తే తిరిగి చూడటం ఆలస్యం. స్కోరు ఒకటి.' 'పన్నెండో రోజు. గుండీ పెట్టుకోవడం రెండుసార్లు తప్పింది. స్కోరు ఒకటి.' ఏమిటే ఇది? ఎవరి గురించి రాశావు?"

"వదినా..."

"పాపా, ఇలా రా. మీ అమ్మ మీ నాన్నకి మార్కులు వేస్తోంది. చూడు."

పాపకి పందొమ్మిదేళ్ళొచ్చాయి. ఇంట్లో ఇంకా పాపే. గదిలోంచి వచ్చి తలుపుకి ఆనుకుని నిలబడింది. పుస్తకం వైపు చూసింది గానీ ఆశ్చర్యపడినట్టు కనిపించలేదు.

"వీధిలో వాళ్ళు ఎలుకలమ్మ, ఎలుకలమ్మ అంటుంటే నేను కసిరేదాన్ని" అంది అక్కయ్య. "మా మరదలు పదకొండేళ్ళుగా డాక్టరమ్మ ఎలుకల ల్యాబ్‌లో పనిచేస్తోంది, బోనులు కడగడం కాదు, ఇప్పుడు చదువుకున్నవాళ్ళ పని చేస్తోంది అని చెప్పుకునేదాన్ని. ఆ పని ఇంటికి తెచ్చి మొగుడి మీద చేస్తావనుకోలేదు. ఎలుకని చూసినట్టు చూస్తావా వాణ్ణి?"

"అవును" అంది ఎలుకలమ్మ. "నాకు చూడటం వచ్చింది ఆ ఒక్క పద్ధతిలోనే. అదే చేశాను."

ఆమె వాలుకుర్చీ వీపు వైపు చూసింది. మాస్టారు ఎప్పుడూ ఇంతే. ఇంట్లో ఆడవాళ్ళు గొడవపడితే నోరు విప్పడు. పెళ్ళయిన కొత్తలో ఎలుకలమ్మకి అది కోపం తెప్పించేది, తర్వాత నవ్వు తెప్పించేది. ఇప్పుడు ఆ మౌనం ఇంట్లో ఒక సామానులా కలిసిపోయింది.

"డాక్టరమ్మ ఏం చేస్తుందో మీకు చెప్పాను" అంది ఆమె. "ఎలుకకి పైత్యం దిగే గొట్టం కట్టేస్తుంది. నాలుగైదు వారాల్లో లివరు గట్టిపడుతుంది. మన పేగుల్లోనూ వాటి పేగుల్లోనూ అమ్మోనియా పుడుతూనే ఉంటుంది, లివరు దాన్ని శుభ్రం చెయ్యాలి. చెయ్యలేకపోతే అది నెత్తురుతో పాటు మెదడుకి పోతుంది. మెదడుకి నీరు పడుతుంది. అప్పుడు ఎలుక ముందు నిద్ర మార్చుకుంటుంది. తర్వాత రోజూ తిరిగే దారి మర్చిపోతుంది. తిండి ఏ మూలనుందో తెలిసిన ఎలుక, నిన్నటిదాకా పరిగెత్తుకెళ్ళిన ఎలుక, నడిమధ్యలో నిలబడి గోడకేసి చూస్తుంది. నేను వాటిని రోజూ చూస్తాను వదినా. ఆయన వంటింట్లో నిలబడి గోడకేసి చూసినప్పుడు నేనేం చెయ్యాలి? చూడనట్టు ఉండాలా?"

"చూసి ఏం చేశావు? ఒకటి వేశావు. ఒకటంటే ఏమిటి?"

"కాస్త మందగించాడని."

"రెండంటే?"

"దారీ తేదీ తప్పాడని. మూడంటే గట్టిగా లేపితే తప్ప లేవడు, లేచినా పొంతన ఉండదు." అక్కడ ఆపేసింది.

"అమ్మా." తలుపు దగ్గర్నించి పాప పిలిచింది. "నువ్వు నిన్నటికి ఎంత వేశావు?"

అక్కయ్య చివరి పేజీ తిప్పి చదివింది. "'పద్దెనిమిదో రోజు. స్కోరు ఒకటిన్నర.'"

"మన స్కోరు కాగితంలో ఒకటిన్నర లేదు కదమ్మా."

పాప గదిలోకి వెళ్ళి మడతపెట్టిన కాగితం ఒకటి తెచ్చింది. కిందటి సెలవుల్లో ల్యాబ్ వీడియోలు చూసి రెండో స్కోరు వేసింది పాపే. ఒకే ఎలుకని ఇద్దరు విడివిడిగా చూడాలి. ఒకరు వేసింది ఇంకొకరు చూడకూడదు. ఏ ఎలుకకి గొట్టం కట్టారో, దేన్ని ఊరికే కోసి కుట్టేశారో కూడా తెలియకూడదు. బోను మీద కార్డుకి కాగితం అంటించేస్తారు. తెలిస్తే కన్ను ఒకవైపు మొగ్గుతుందని డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది.

"నీ పుస్తకం నేను పది రోజుల కిందటే చూశాను" అంది పాప. "అందులో నువ్వు వేసినవి చదవలేదు. పద్ధతి అది కదా. నేను వేరే వేశాను."

కాగితాన్ని పుస్తకం పక్కన పరిచింది. తొమ్మిది రోజులు. ఒకటి. రెండు. రెండు. రెండు. రెండు. రెండు. రెండు. మూడు. ఇవాళ్టి గడిలోనూ మూడు.

ఎలుకలమ్మ రెండు వరసల్నీ వేలితో పోల్చి చూసింది. ఒకే మనిషి, అవే రోజులు. తన వరసలో ఆయన బల్లపరుపు దారిలో నెమ్మదిగా నడుస్తున్నాడు. కూతురి వరసలో మెట్లు దిగిపోతున్నాడు.

"నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు పదకొండేళ్ళుగా చూస్తున్నదానివి. నాదే తప్పనుకున్నాను." పాప కాగితం మీద వేలు పెట్టింది. "నాన్న మీద కోపంతో ఎక్కువ వేస్తున్నానేమో అనుకున్నాను. మొన్న నా పుట్టినరోజు మర్చిపోయారుగా, అందుకేమో అని. అందుకే ఆ రోజు ఒకటి తగ్గించి మళ్ళీ చెరిపేశాను. చూడు, అక్కడ మరక ఉంది."

మరక ఉంది నిజమే.

ఎలుకలమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. తను పనిచేసే చోట కాగితం వెనక దాచిన కార్డుని ఎవరైనా తీసి చూస్తే ఆ రోజు లెక్క మొత్తం కొట్టేస్తారు. ఆమె చూసేది తన మొగుణ్ణి. ఏ కాగితం అంటించి ఆ ముఖం దాచుకుంటుంది? పద్దెనిమిది రోజులూ ఆమె పెన్సిలు ఒకటి దగ్గరే తిరిగింది. మూడు రాయడానికి చెయ్యి రాలేదు. ఎందుకు రాలేదో ఆమెకు తెలుసు, పాపకు తెలుసు.

"తికమకపడితే ఆలస్యం చెయ్యకుండా తీసుకురమ్మన్నారు" అంది తనలో తను అనుకుంటున్నట్టు. "ఒకటే కదా, ఒకటే కదా అని నేనే ఆపుకుంటూ వచ్చాను."

"అసలు ఎందుకిలా అవుతోంది?" అంది పాప. "సిరప్ పోస్తుంటే ఇలా అవ్వకూడదుగా. అక్కడ నీళ్ళలో సిరప్ కలిపిన ఎలుకలు దారి మర్చిపోవు. నువ్వే చూపించావు."

ఆ మాటకి అక్కయ్య కట్టలు కట్టడం ఆపేసింది. అది చూసి ఎలుకలమ్మ లేచింది.

వంటింటి అరలో, పంచదార డబ్బా పక్కన సిరప్ సీసా ఉంది. ల్యాబ్‌లో ఎలుకల నీళ్ళసీసాలకి రోజూ గీత పెట్టడం ఆమెకు అలవాటు. ఎంత తాగాయో తెలియాలని. ఈ సీసా కొన్న రోజు కూడా యథాలాపంగా పెన్నుతో గీత పెట్టి తేదీ వేసింది. తర్వాత మళ్ళీ చూడలేదు. వదిన పోస్తుంటే సీసాకి గీతలేమిటి, అనుమానించినట్టు ఉంటుందని.

సిరప్ ఆ గీత దగ్గరే ఉంది. తేదీ తొమ్మిది రోజుల కిందటిది.

ఆమె సీసా తెచ్చి బల్ల మీద, నోటుపుస్తకం పక్కన పెట్టింది. అక్కయ్య వైపు తిరిగింది.

"అలా చూడకు నన్ను" అంది అక్కయ్య.

"నేనేమీ అనలేదు."

"అనకుండానే అంటున్నావు." అక్కయ్య చేతిలోని గుడ్డపీలిక వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. "వాడే బతిమాలాడు. కటింగు బల్ల అటక మీదుంది. దొడ్డికి నిచ్చెన దిగి, షాపు దాటి, వీధి చివర దాకా పోవాలి. ఓ రోజు దారిలోనే అయిపోయింది. కుట్టేవాళ్ళు నవ్వారట. ఇరవై ఆరేళ్ళు మాస్టారూ మాస్టారూ అని పిలిచినవాళ్ళు. ఇంటికొచ్చి స్నానాల గదిలో తలుపేసుకుని ఏడ్చాడే. నా దగ్గరకొచ్చి, అక్కా, ఈ చొక్కాల పని అయ్యేదాకా ఆపేద్దాం, దానికి చెప్పకు అన్నాడు. మూడేళ్ళప్పుడు పక్క తడిపి అమ్మకి చెప్పకు అనేవాడు, అచ్చం అలాగే. ఏం చెయ్యమంటావు నన్ను?"

"ఆపి ఊరుకున్నారా?"

అక్కయ్య గుడ్డపీలికని వేలికి బిగించింది.

"కట్టుకోడానికి మాత్ర ఇచ్చాను. విరేచనాలు ఆగడానికి వేసుకునేది. రోజూ ఒకటి."

పాప నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నీళ్ళలా పోతుంటే మనిషి నీరసపడతాడు కదే. ఎవరికైనా అంతేగా. పోవడమే మందంటే నేనెలా నమ్మను? నువ్వన్నా కూర్చోబెట్టి చెప్పావా? ఆరింటికి పోతావు, వచ్చి పడుకుంటావు, లేచి పుస్తకం రాసుకుంటావు. ఎలుకల మెదళ్ళ గురించి నీ కూతురికి చెప్పినంత నాకెప్పుడు చెప్పావు? ఇందాక చెప్పావే, పైత్యం, గొట్టం, అలా. అది రెండు నెలల కిందట చెప్పాల్సింది. చెప్పానంటావు. చెప్పలేదు. పెద్దదానికి ఏం అర్థమవుతుందిలే అనుకున్నావు."

ఎలుకలమ్మ కాదనబోయి ఆగిపోయింది. చెప్పానన్న మాట పైకి అన్నదే తప్ప, ఎప్పుడు చెప్పిందో ఎంత వెతికినా గుర్తు రాలేదు. "సిరప్ పొయ్యండి వదినా, అంతే" అని సీసా చేతికిచ్చి, బస్సుకి పరిగెత్తిన పొద్దు మాత్రం గుర్తొచ్చింది.

"పాపా, ఆస్పత్రికి ఫోన్ చెయ్యి. బండి పంపమను. లివరు పేషెంటు, మూడు అని చెప్పు."

"మూడంటే వాళ్ళకి అర్థమవుతుందా?"

"అవుతుంది. ఆ లెక్క మనుషులదే. మేమే ఎలుకలకి తెచ్చుకున్నాం."

పాప ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్ళింది. అంకె చెప్పడం వినిపించింది. ఇంటి గుర్తులు చెప్పడం, మళ్ళీ చెప్పడం. "ఇరవై నిమిషాలట" అంది లోపలికొచ్చి.

ఎలుకలమ్మ నోటుపుస్తకం ముందుకి లాక్కుంది. పందొమ్మిదో రోజు అని రాసింది. నిద్ర, నడక, మాట, అన్నీ గళ్ళలో నింపి, చివరి గడిలో మూడు వేసింది. చెయ్యి అంత తేలిగ్గా వేస్తుందని ఆమె అనుకోలేదు.

ఆ అంకెని అక్కయ్య పక్కనుంచి చూసింది. "ఇద్దరూ మూడు వేశారు. మీ దగ్గర ఇద్దరూ మూడు వేస్తే ఏం చేస్తారు?"

ఎలుకలమ్మ పుస్తకం మూసేసింది.

"అడుగుతున్నాను. ఆ ఎలుకని ఏం చేస్తారు? ఏ మందిస్తారు? ఏదో ఒకటి ఇస్తారుగా, ఇంతింత చదువుకున్నవాళ్ళు."

"బోనులోంచి తీసేస్తాం" అంది ఎలుకలమ్మ.

"తీసి?"

"అంతకంటే బాధ పెట్టకూడదని రూలు. ఆ రోజే నిద్రపుచ్చుతారు."

అక్కయ్య బల్ల అంచు పట్టుకుంది. నిద్ర అంటే ఎలాంటి నిద్రో ఆవిడకి ఎవరూ విడమర్చనక్కర్లేకపోయింది.

"ఇది ల్యాబ్ కాదత్తా" అంది పాప. "ఆస్పత్రి. ఇక్కడ మూడైతే ఎక్కువ మందు వేస్తారు. నాన్న ఎలుక కాదు."

"ఆ మాట నేనూ ఇందాకట్నించీ అంటున్నా. నన్ను తిట్టారు."

"ఎవరూ తిట్టలేదు."

"పోనీ ఇప్పుడు తిట్టండి. తిడితే వాడికి తగ్గుతుందంటే కూర్చుని తిట్టండి ఇద్దరూ." కళ్ళు తుడుచుకుని అక్కయ్య సీసా అందుకుంది. "బండొచ్చేలోగా ఊరికే ఎందుకుండటం? తొమ్మిది రోజులది ఒకేసారి పోస్తాను. నేను ఆపింది నేనే పోస్తాను."

"వదినా, ఆగండి. మింగగలరో లేదో చూడాలి ముందు."

"నా చేతి ముద్ద మింగకుండా వాడెప్పుడున్నాడు?"

గరిటె నిండా సిరప్ పోసుకుని అక్కయ్య కిటికీ దగ్గరికి వెళ్ళింది. కుర్చీ వీపు ఇటువైపు ఉంది. దాని మీదుగా మాస్టారి తల కొద్దిగా పక్కకి వాలి కనిపిస్తోంది. ఒడిలో నీలం చేతిముక్కలు రెండున్నాయి, షాపాయన ఉండగానే బల్ల మీంచి ఎప్పుడు చెయ్యి చాపి తీసుకున్నాడో. రెండింటినీ ఎదురెదురుగా పెట్టి జత కలపబోయినట్టున్నాడు.

"తమ్ముడూ. నోరు తెరువు నాన్నా. కోపమొచ్చిందా, నీ మాట చెప్పేశానని?"

పెదాలు కాస్త తెరుచుకునే ఉన్నాయి. ఆవిడ గరిటె వంచింది. చిక్కటి సిరప్ లోపలికి పోయినట్టే పోయి, నోటి మూలనుంచి తీగలా జారి, గడ్డం మీదుగా నీలం గుడ్డ మీద పడింది.

"మింగు నాన్నా."

ఎలుకలమ్మ ఒక్క అంగలో వచ్చి గరిటె లాగి పారేసింది. ఆయన ముఖాన్ని పక్కకి తిప్పి నోట్లోది పమిటతో తుడిచింది. "ఏమండీ" అంది. "ఏమండీ. మాస్టారూ."

షాపాయన వెళ్ళినప్పట్నించీ ఆయన ఒక్కమాట మాట్లాడలేదు. ముగ్గురికీ ఇప్పుడే తట్టింది. గొడవలో నోరు విప్పడులే అనుకున్నారు.

"అమ్మా, కిందటిసారి ఎప్పుడు కదిలారు?" అంది పాప. చేతిలో పెన్సిలు అలాగే ఉంది. "నాలుగుకి ఏం చూడాలి?"

నాలుగుకి ఏం చూడాలో ఎలుకలమ్మకి కళ్ళు మూసుకున్నా తెలుసు. కాలివేలు గట్టిగా నొక్కాలి. పది లెక్కపెట్టాలి. ఆలోగా కాలు వెనక్కి లాక్కుంటే మూడు. లాక్కోకపోతే ఇక లేపినా లేవదు.

ఆమె కింద కూర్చుని ఆయన పాదం ఒళ్ళోకి తీసుకుంది. పాదం వెచ్చగా ఉంది. బొటనవేలి గోరు మీద తన గోరు గుచ్చి, ఉన్న బలమంతా పెట్టి నొక్కింది. పైకే లెక్కపెట్టింది.

"ఒకటి. రెండు. మూడు."

అక్కయ్య గరిటె పడిన చోటే నేల మీద చతికిలబడింది. మెట్ల కింద వీధిలో ఏదో బండి ఆగింది, అది తమది కాదు, ముందుకి పోయింది.

"ఆరు. ఏడు."

పాదం కదల్లేదు. గోరు దిగిన చోట తెల్లగా గుంట పడింది.

"ఎనిమిది. తొమ్మిది."

ఎలుకలమ్మ పది దగ్గర ఆగింది.

"ఒకటి" అంది మళ్ళీ. "రెండు. మూడు."

పాప విన్నది. పెన్సిలు కింద పెట్టేసి, తల్లి పక్కన కూర్చుని, తండ్రి రెండో పాదం చేతుల్లోకి తీసుకుంది. ఈసారి తప్పు దిద్దలేదు.